నా ఉపన్యాసాన్ని తాగిన బర్రె

ఉద్యానశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అంటు కట్టడం ఎలా, గులాబీ కొమ్మ ఎప్పుడు కత్తిరించాలి అని అడగరు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయట. "జనం ముందు మాట్లాడడం ఎలా సార్?" అని మాత్రం అడుగుతారు. వాళ్లకు నేను ఒక బర్రె కథ చెబుతాను. సగం విని, నవ్వుకుని, టీ తాగి పోతారు. రెండో సగంలోనే అసలు సంగతి ఉంది కనుక ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మధ్యలో లేచిపోయినా మిగతా సగం ఇక్కడే ఉంటుంది.

ఆఫీసు పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లు కొందరు ఇంకా గట్టిగానే ఉన్నారు, వాళ్లకు మా ఇల్లు తెలుసు. నా ప్రమోషన్ల గురించీ రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

మందంటే మింగేది

డెబ్భైల మొదట్లో మా పెద్దసారు ఎక్కడో పది రోజుల శిక్షణకు పోయివచ్చాడు. పెద్దసారంటే మా సూపరింటెండెంటు. మనిషి మంచివాడే, కానీ శిక్షణకు పంపకూడదు. పోయిన ప్రతిసారీ ఒక కొత్త మాట పట్టుకొచ్చి మా నెత్తిన రుద్దేవాడు. అంతకుముందు పుట్టగొడుగులు, ఈసారి తోటపనితో చికిత్స. మొక్కలు పెంచితే మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది, ఒంటికి సత్తువ వస్తుంది, కాబట్టి పాతనగరంలో వాడవాడకూ పోయి ఈ సంగతి చెప్పాలి. చెప్పేది ఎవరయ్యా అంటే, ఆయనకు ఎదురుగా నిలబడి ఉన్నవాడు. ఆ రోజు ఖర్మకొద్దీ నేను నిలబడి ఉన్నాను.

మొదటి ఉపన్యాసం మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక ఒక రేకుల షెడ్డులో. పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు ఎండకు తాళలేక లోపలికి వచ్చినవాళ్లు. అరగంట మాట్లాడాను. మట్టి వాసన గురించి చెప్పేటప్పుడు నా గొంతు నాకే ముద్దొచ్చింది. అయిపోయాక, ఏమైనా అడగండి అన్నాను.

ముందు వరుసలోంచి ఒక ముసలామె చెయ్యెత్తింది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇంతకూ ఆకు నూరాల్నా, వేరు నూరాల్నా?"

"నూరుడు లేదమ్మా. పెంచుడే."

"పెంచి?"

"నీళ్లు పొయ్యాలె."

"పోసి?"

"చూస్తుండాలె."

ఆమె పక్కామె వైపు తిరిగి, "పాపం, పిలగానికి ఆఫీసుల ఇంక మందు ఇయ్యలేదంట. వట్టి చేతుల్తోని పంపిన్రు" అని జాలిపడింది.

తర్వాత పునాదులు తవ్వే కూలి పెంటయ్య లేచాడు. "సార్, ఇరవై ఏండ్ల సంది పొద్దంత మట్టి తవ్వుతనే ఉన్న. గదే మందైతే నా నడుం ఎందుకు నొస్తుంది?"

ఇష్టంగా తవ్వాలి అన్నాను. "గా మాట మా మేస్త్రికి చెప్పుర్రి సార్, ఇష్టంగ తవ్విపిస్తడు" అని కూర్చున్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు.

చివర్న పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు. ఆయనకు నిద్రపట్టని జబ్బు. "దుకాణం ఇడిసి నేను రాలేను సార్. మా గుమాస్తాను పంపిస్త. వాడు తవ్వుతడు. నాకు నయమైతదా?"

ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల తప్పేం కనపడదు. మా వాడల్లో మందంటే మింగేది, తాగేది, కాకపోతే పూసుకునేది. హకీము పొట్లం కట్టి ఇస్తాడు, డాక్టరు ఎర్రనీళ్లు పోసి ఇస్తాడు. చికిత్స అన్న మాట నోట్లోంచి రాగానే ఎదుటివాడు మనసులో నోరు తెరుస్తాడు. ఈ ముక్క ఆ రోజే నా బుర్రకెక్కి ఉంటే ఈ కథే లేదు.

నీ దాదా కన్న పెద్దది

మా ఆఫీసు మాలీ ఖాసిం భాయ్. తోటపనిలో నాకు చదువు ఇచ్చింది కాలేజీ, పని నేర్పింది ఆయన. మాదన్నపేట సంగతి విని బీడీ ఆర్పేసి అన్నాడు: "సాబ్, ఖాళీ చేతుల్తోని పోతే ఎవడింటడు? పాములోడు గూడ ముందుగాల బుట్ట సూపిస్తడు, ఆ తర్వాతనే మాట్లాడ్తడు."

మా బుట్ట సైకస్. ఆఫీసు వరండాలో పెద్ద మట్టితొట్టిలో ఉండేది. చూస్తే పొట్టి ఈతచెట్టు, ముట్టుకుంటే ముళ్లకంప. ఈతకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. భూమ్మీద మొదటి పువ్వు పూయకముందే దాని జాతి పుట్టింది. అంత పాతకాలపు మొక్కను మేం బూట్లు విడిచే చోట పెట్టుకున్నాం. అదీ మా భక్తి.

తొట్టిని నలుగురం పట్టి తోపుడుబండి ఎక్కించాం. గౌలిపురలో ఉపన్యాసం. పత్తర్‌గట్టి మీదుగా పోతుంటే ప్రతి దుకాణం ముందూ బండి ఆపించారు. "ఖజూర్ కా ఝాడ్ కిత్తేకు మియా?" అని ఒకాయన ఖర్జూరపు చెట్టనుకుని బేరం మొదలుపెట్టాడు.

"అమ్మేది గాదు భాయ్. నీ దాదా కే దాదా, తాతకు తాత కన్న పెద్దది. సలాం చెయ్, పో" అన్నాడు ఖాసిం భాయ్.

ఆయన నిజంగానే సలాం చేశాడు. ఆ సలాంతో నాకు కొంచెం తల తిరిగింది. అంతవరకు ఏ మొక్కనూ చూపి నేను సలాం సంపాదించలేదు.

నాలుగో పేజీ

గౌలిపుర సంఘం హాలు నిండిపోయింది. ఎక్కువమంది పాలవాళ్లు. మొక్కను చూడడానికి వచ్చారు, నన్ను వినడానికి ఉన్నారు. నేను రెచ్చిపోయాను. పువ్వులకంటే ముందు పుట్టిన జాతి అన్నాను. పిట్టలకంటే, పశువులకంటే, మనకంటే ముందుది అన్నాను. ఎన్ని కరువులు, ఎన్ని ఉత్పాతాలు వచ్చినా చావకుండా నిలబడింది అన్నాను. ఇలాంటి మొక్క దగ్గర రోజూ కాసేపు గడిపితే మనకూ ఆ నిబ్బరం వస్తుంది అన్నాను. చివరి మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఊపులో వచ్చింది.

తలుపు దగ్గర ఒకామె నెత్తిమీద పాలక్యాను దించకుండా నిలబడి విన్నది. పేరు యాదమ్మ. ముగ్గురు పిల్లలు, ఒక్కటే బర్రె. ఆ బర్రెకు నెలలు నిండవస్తున్నాయి, ఇంకో నెలలో ఈనేట్టు ఉంది. అది ఈనేవరకు యాదమ్మ వేరేవాళ్ల పాలు ఇల్లిల్లూ తిరిగి పోసి కూలి తెచ్చుకుంటోంది. ఈనితేనే సొంత పాలు, సొంత పాలుంటేనే ఆ ఇల్లు నిలబడేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, ఎంత శ్రద్ధగా వింటోందో అని మురిసిపోయాను.

నా చేతిలో నాలుగు పేజీల నోట్సు ఉంది. నాలుగో పేజీలో, కింద, నా దస్తూరీలోనే రాసి ఉంది: ఆకు, గింజ విషం. పశువులు తింటే పడిపోతాయి. ఆ వాక్యం నాకు కనపడింది. కనపడలేదని అబద్ధం చెప్పను. సరిగ్గా అప్పుడే జనం చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్ల మధ్య విషం అంటే ఏం బాగుంటుంది, పెళ్లిపందిట్లో తుమ్మినట్టు? కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

పైగా జనం అడిగారని తొట్టిని వారం రోజులు హాలు వరండాలోనే వదిలి వచ్చాం.

తెల్లారంగ ఒక గొట్టం

ఐదో రోజు పొద్దున పెద్దసారు, ఖాసిం భాయ్, నేను మొక్కను చూడడానికి పోయాం. తొట్టికి పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్లు ఉన్నాయి. అగరుబత్తి పుల్లలు మట్టిలో గుచ్చి ఉన్నాయి. ఎవరో దానికి ఒక అరటిపండు కూడా పెట్టారు.

"చూశావటయ్యా! ప్రజల్లో చైతన్యం!" అన్నాడు పెద్దసారు. మనిషి పొంగిపోయాడు.

ఖాసిం భాయ్ మాత్రం మొక్క మీదికి వంగి చూస్తున్నాడు. "సాబ్, నడిమిట్ల లేత ఆకులు ఏడవాయె?"

నడిమి మొవ్వు మొత్తం కొడవలితో కోసినట్టు మాయమైంది. పెద్దసారు చైతన్యం గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అంతలో వీధిలోంచి యాదమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వచ్చిన్రా సార్, దేవునోలె వచ్చిన్రు! బర్రె రెండు దినాల సంది మేస్తలేదు. మీ చెట్టాకు నూరి, బెల్లం, వామ కలిపి తెల్లారంగ ఒక గొట్టం పోసిన. ఇప్పుడు పండుకున్నది, లేస్తలేదు. ఇంకో గొట్టం పొయ్యాల్నా?"

ఆ గొట్టం సంగతి చెప్పాలి. పాలవాళ్ల ఇళ్లలో ఒక వెదురు గొట్టం ఉంటుంది, ఏటవాలుగా కోసినది. పశువుకు జబ్బు చేస్తే తల పైకెత్తి, దవడ పక్కనుంచి గొట్టం దూర్చి, కషాయం పోస్తారు. దానికి ఇష్టం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆ బర్రెను మొక్క ముందు ఊరికే వదిలి ఉంటే మూతి గుచ్చుకుని ఆమడ దూరం పోయేది. బర్రెకు బుద్ధి ఉంది. గొట్టం పట్టిందీ, విషం తాగించిందీ మనుషులు.

"పొయ్యకు! ఇంకేం పొయ్యకు!" అని అరిచాను. యాదమ్మ బెదిరిపోయి, "డాక్టర్‌కు కబురు పంపిన సార్" అంది.

పెద్దసారు నన్ను స్తంభం చాటుకు లాగాడు. "ఇదిగో చూడు. తాగించమని మనం చెప్పామా? లేదు. అసలు ఈ మొక్క మనదని ఎవరికి తెలుసు?"

తొట్టికి మా ఆఫీసు పేరు, ఇంత పెద్ద అక్షరాలతో, ఇనుపరేకు మీద వేలాడుతోంది. ఆయనే రాయించాడు. ఖాసిం భాయ్ ఆ రేకు వైపు చూశాడు, పెద్దసారు వైపు చూశాడు, మళ్లీ రేకు వైపు చూశాడు.

పెద్దసారు బొగ్గు దంచిన రోజు

యాదమ్మ కొట్టంలో బర్రె ఒక పక్కకు పడి ఉంది. మూతి వెంట చొంగ. కడుపు ఇంత ఎత్తున ఉంది, లోపల దూడ ఉంది. పిల్లలు ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

పశువుల డాక్టరు సైకిలు దిగి లోపలికి వచ్చాడు. చేతి గుణం మంచిది, నోరు చెడ్డది. ఇంటివైద్యం చేశారని తెలిస్తే ముందు అరగంట తిట్టి, ఆ తర్వాతే సూది తీసేవాడు. అందుకే గౌలిపురలో ఆయనకు ఎవరూ నిజం చెప్పేవారు కాదు.

"ఏం పెట్టినవ్?" అని అడిగాడు.

"ఏం పెట్టలే సార్. నీళ్లు గూడ తాగలే" అంది యాదమ్మ, తల దించుకుని.

ఆయన కడుపు తట్టి, కళ్లు చూసి, అరగక పడి ఉంటుంది, పొడి ఇస్తాను, రేపు వచ్చి చూస్తాను అన్నాడు. పొట్లం ఇచ్చాడు. సంచి మూశాడు. నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాడు. డాక్టరు గుమ్మం దాటాడు. సైకిలు స్టాండు తీశాడు. ఇన్ని చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. అది ఎంత సేపో నాకు తెలియదు, కానీ నా ఉద్యోగం మొత్తంలో నేను సిగ్గుపడేది ఆ కాస్త సేపటికే.

చివరికి బయటికి ఉరికి సైకిలు వెనక క్యారియరు పట్టుకున్నాను. "డాక్టర్ సాబ్! అది సైకస్ తాగింది. విషం. నాకు తెలుసు."

ఆయన తిట్టిన తిట్లు రాయను. మా మనవరాలు ఇది చదువుతుంది. నా చదువు దగ్గర మొదలుపెట్టి మా శాఖను పూర్తిచేసి, పెద్దసారు దగ్గర కాసేపు ఆగాడు. తిడుతూనే సంచి విప్పాడు. "పొద్దుగాలనే తాగింది గద, ఒక్కసారే గద? ఇంక ఆశ ఉన్నది. బొగ్గు తెండి, విషాన్ని పీలుస్తది! కట్టెబొగ్గు, మెత్తగ దంచాలె, బకెటెడు గావాలె!"

సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. ఖాసిం భాయ్ వాడి బొగ్గులగంప గంపే ఎత్తుకొచ్చాడు. రోలు యాదమ్మది. నేను సెలైన్ సీసా పట్టుకుని నిలబడాలి, ఖాసిం భాయ్ బర్రె తల పట్టాలి. దంచడానికి మిగిలింది పెద్దసారు ఒక్కడే. ఆ రోజు తెల్లచొక్కా, తెల్లప్యాంటు.

"ఏం చూస్తున్నవయ్యా, దంచు!" అన్నాడు డాక్టరు. పెద్దసారును ఎవరూ అలా పిలవగా నేను వినలేదు. ఆయన దంచాడు. పది నిమిషాల్లో చొక్కా, మీసం, చెవులు నల్లగా అయిపోయాయి. ఖాసిం భాయ్ బర్రె కొమ్ముల మధ్యనుంచి తల ఎత్తి, చాలా మర్యాదగా అన్నాడు: "ఇష్టంగ దంచుర్రి సాబ్. మనసు కుదుటపడ్తది."

గోడ దగ్గర పిల్లలు నవ్వారు. డాక్టరు కూడా మీసం చాటున నవ్వాడు. యాదమ్మ నవ్వలేదు. బొగ్గునీళ్లు గొట్టంతో పోస్తున్నంతసేపూ నన్నే చూస్తోంది.

"సార్, మీకు ముందుగాలనే తెలుసా?"

"తెలుసు."

"గంటసేపు చెప్పిన్రు సార్. పువ్వులకన్న ముందటిది అన్నరు, పిట్టలకన్న ముందటిది అన్నరు. గవన్ని నాకెందుకు? నాకు కావల్సింది ఒక్క మాట. గదొక్కటి చెప్పకపోతిరి."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. డాక్టరు తిట్లన్నీ దులిపేసుకున్నాను, ఈ మాట మాత్రం పోలేదు.

పడిన పశువును ఒక పక్కనే ఉంచితే కాళ్లు చచ్చుబడతాయట. పూటకు నాలుగుసార్లు పక్క మార్చాలి. దానికి నలుగురు కావాలి. మూడు రోజులు ఆఫీసుకు ముందూ తర్వాతా అక్కడికే పోయాను. పెద్దసారు రెండో రోజు తనంతట తానే వచ్చాడు, ఈసారి ఖాకీ ప్యాంటుతో. ఆయన తల వైపు పట్టేవాడు కాదు, తోక వైపే ఎంచుకునేవాడు. దాని ఫలితం కూడా ఆయనే అనుభవించాడు. రెండో రోజు బర్రె చెవులు కదిలించింది. మూడో రోజు పొద్దున ముందుకాళ్ల మీద లేచి, వెనకకాళ్లు ఈడ్చి, తూలి, మా ఇద్దరినీ గోడకేసి అదిమి, నిలబడింది. పెద్దసారు గోడకూ బర్రెకూ మధ్య ఇరుక్కునే, "లేచిందిరా! లేచింది!" అని కేకలు పెట్టాడు. మా ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. నావి సంతోషానికి. ఆయనవి సగం నొప్పికి అనుకుంటాను.

చప్పట్ల తర్వాత

మరుసటి ఆదివారం అదే హాలుకు పోయాను. "ఈ చెట్టు విషం. మనిషి గాని పశువు గాని నోట్ల పెట్టొద్దు" అని మొదలుపెట్టాను. సగం హాలు ఖాళీ అయింది. పోయినవాళ్లు ఆకు కోసం వచ్చినవాళ్లు. ఉన్నవాళ్లు మొక్క కోసం ఉన్నారు. అంతే కావలసింది. ఆ తర్వాత వందల ఉపన్యాసాలు ఇచ్చాను, అన్నిట్లోనూ చేదు మాట మొదటే చెప్పాను. చప్పట్లు తగ్గాయి. బర్రెలు బాగున్నాయి.

తోటపనితో మేలు లేదా అంటే, ఉంది. పొట్లం కట్టి ఇచ్చేంత లేదు. పత్తర్‌గట్టి సేటు చివరికి గుమాస్తాను పంపకుండా తానే వచ్చి రెండు మల్లె అంట్లు తీసుకుపోయాడు. కొన్నాళ్లకు కనపడితే నిద్ర పడుతోందా అని అడిగాను. "నిద్ర సంగతేమో గాని సార్, పొద్దుగాల లేవనీకె ఒక పని దొరికింది" అన్నాడు. అంతకంటే పెద్ద మాట చెప్పేవాడిని నమ్మకండి. నన్ను కూడా.

మీలో ఎవరైనా రేపు ఒక మొక్కను చూపించి, ఎంత పాతదో, ఎంత గొప్పదో చెప్పబోతే, ముందు చూడవలసింది మొక్కను కాదు, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని. ఆమె ఇంటికి పోయి ఏం చేస్తుందో అదే మీ ఉపన్యాసం. మిగతాది గాలి.

లేచి నిలబడ్డ మూడు వారాలకు బర్రె ఈనింది. పెయ్యదూడ. నడుస్తుంటే తల్లి వెనకకాలు కొంచెం ఈడ్చేది గాని, పాలకు లోటు లేదన్నారు. ఈనిన మర్నాడు యాదమ్మ మా ఆఫీసుకు వచ్చింది, చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. నా బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. జున్ను. ఇంకా వేడిగా ఉంది. పెద్దసారు వాసన పట్టి తన గదిలోంచి బయటికి వచ్చాడు. ఖాసిం భాయ్ చేతులు కడుక్కుని వచ్చాడు. నేను చెంచా తీసుకున్నాను.

యాదమ్మ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అందుల ఏమేసిన్నో అడగరా సార్?"

నేను చెంచా దించాను. "ఏమేసినవ్ యాదమ్మా?"

"జున్నుపాలు, బెల్లం, నాలుగు ఏలక్కాయలు."

"ఇంకేం లేదు గద?"

"ఉంటే ముందుగాలనే చెప్తుంటి సార్" అని చెయ్యి తీసింది. "నేను మీ లెక్క గాదు."